చంద్రుడి మట్టితో రేడియో అబ్జర్వేటరీ: తిరుపతి, చిత్తూరుల్లో ముందే చేసి చూసుకోవాల్సిన పనులు

చంద్రుడి మీద అబ్జర్వేటరీ అనగానే గుమ్మటం, దాని కింద పెద్ద అద్దం కళ్లముందు మెదులుతాయి. అక్కడి మట్టితోనే కట్టాలనుకుంటే మొట్టమొదట పక్కన పెట్టాల్సింది ఆ అద్దాన్నే. 1972లో అపోలో 16 దింపిన అతినీలలోహిత కెమెరా గానీ, 2013లో చైనా నౌక చాంగ్ఎ-3 మోసుకెళ్లిన 15 సెంటీమీటర్ల టెలిస్కోపు గానీ భూమి మీద పూర్తిగా తయారై వెళ్లినవే. అద్దం నునుపు కాంతి తరంగంలో చిన్న వంతు దాకా రావాలి. కొలిమిలోంచి తీసిన మట్టి గాజుతో అది ఇప్పట్లో తేలే పని కాదు.

తక్కువ పౌనఃపున్యపు రేడియో అబ్జర్వేటరీ సంగతి వేరు. దానికి కావాల్సినవి పొడుగాటి లోహపు తీగలు, గట్టి నేల, అడ్డుగోడలు, పూడ్చడానికి మట్టి. ఇవన్నీ అక్కడే పుడతాయి. రిసీవర్ చిప్పులు, బ్యాటరీలు, మొదటి విడత సౌర ఫలకాలు మాత్రం ఇక్కణ్నుంచి వెళ్లాలి. ఈ గీత ముందే గీసుకోకపోతే ప్రాజెక్టు కాగితం దాటదు.

సుమారు 10 మెగాహెర్ట్జ్ కంటే దిగువ రేడియో తరంగాలను భూమి అయనావరణం చాలావరకు అడ్డుకుంటుంది. దానికి పైన మన ప్రసారాల రొద. తొలి నక్షత్రాలు పుట్టకముందు హైడ్రోజన్ వెలువరించిన 1420 మెగాహెర్ట్జ్ సంకేతం విశ్వం సాగడం వల్ల 50 రెట్లు సాగి 28 మెగాహెర్ట్జ్ దగ్గర, 80 రెట్లు సాగితే 18 దగ్గర మనకు చేరుతుంది. అది వినాలంటే చంద్రుడి ఆవలి వైపే చోటు. లోహానికి సంబంధించి ఒక వెసులుబాటు కూడా ఉంది. 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశమే పదివేల కెల్విన్లకు మించిన రొద చేస్తుంటుంది. కాబట్టి తీగలో అల్యూమినియం 99.9 శాతం శుద్ధంగా లేకపోయినా, కాస్త సిలికాన్, ఇనుము కలిసినా సంకేతం పెద్దగా చెడదు. అక్కడి లోహంతో మొదట యాంటెన్నాలే చేయాలనడానికి అసలు కారణం ఇదే.

చోటు

అంతర్జాతీయ రేడియో నిబంధనలు చంద్రుడి మీద ఒక రక్షిత ప్రాంతాన్ని గుర్తించాయి. భూమి నుంచి కనిపించే అంచును దాటి 23.2 డిగ్రీలకు మించి ఆవలికి ఉన్న నేల అది. 93 కిలోమీటర్ల డేడలస్ బిలం దాదాపు ఆవలి వైపు నడిమధ్యలో ఉంది. త్సియోల్కోవ్‌స్కీ బిలం కూడా గీత లోపలే, దాని అడుగు నల్లటి లావా. నల్లటి నేలలో ఇనుము ఎక్కువ, కాల్చడం తేలిక. తెల్లటి ఎత్తైన నేలల్లో అల్యూమినియం ఎక్కువ, కాల్చడం కష్టం. తీగలు ముఖ్యమైతే తెల్ల నేల, మట్టి కాల్చి చేసే పలకలు ముఖ్యమైతే నల్ల నేల. రెండూ కలిసే అంచు దొరికితే అంతకంటే మంచిది లేదు. భూమి కనిపించదు కాబట్టి రిలే ఉపగ్రహం తప్పనిసరి. 2019 జనవరి 3న ఆవలి వైపు దిగిన చాంగ్ఎ-4కు 2018లోనే చ్వేచియావ్‌ను పంపి పెట్టుకున్నారు.

నేల కింద ఏముందో కూడా చూసుకోవాలి. చాంగ్ఎ-4తో వెళ్లిన యుటు-2 రోవర్ రాడార్ 40 మీటర్ల లోతు దాకా పొరలు చూపించింది. పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని యాంటెన్నా చూపును వంకర చేస్తుంది. పొరల పటం లేకుండా డైపోళ్లు (మధ్యలో తీగ తగిలించిన, రెండు చేతుల సాదా యాంటెన్నాలు) పరిస్తే ఆ తర్వాత ఏ లెక్కా కుదరదు.

మట్టి: చిత్తూరు నల్లరాయితో

చంద్రయాన్-2 పరీక్షలకు ఇస్రో వాడిన నకిలీ చంద్రమట్టి తమిళనాడులో సేలం దగ్గరి సిత్తంపూండి అనార్థోసైట్ రాయితో చేసింది. అది తెల్ల నేలకు నమూనా. నల్ల నేలకు నమూనా కావాలంటే అంత దూరం వెళ్లక్కర్లేదు. చిత్తూరు ప్రాంతంలో నల్ల గ్రానైట్ పేరుతో అమ్మే రాయి నిజానికి డోలరైట్ డైకుల (నేల పగుళ్లలోకి ఎక్కి గడ్డకట్టిన శిలాద్రవం) రాయి. కూర్పులో బసాల్ట్‌కు చుట్టం.

క్రషర్ దగ్గర అడిగేటప్పుడు జాగ్రత్త. క్రషర్ డస్ట్ అని పోసేది చాలాచోట్ల బూడిద రంగు గ్రానైట్ పొడి. అందులో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది, చంద్రుడి మీద క్వార్ట్జ్ దాదాపు లేదు. అరచేతిలో కొంచెం పోసుకుని భూతద్దంతో చూడండి. గాజుముక్కల్లా మెరిసే తెల్లటి రేణువులు విరివిగా కనిపిస్తే అది పనికిరాదు. నల్లగా, అక్కడక్కడ బూడిద తెలుపుతో ఉండి, అయస్కాంతం పెడితే కొంచెం అంటుకుంటే అదే కావాల్సింది. పాలిషింగ్ యూనిట్ల బయట ఆరబోసిన తెట్టు ఊరికే వస్తుంది గానీ తీసుకోకండి. కోత యంత్రాల ఇనుప గుళ్లు, సున్నం, పాలిష్ రాళ్ల ముక్కలు కలిసి ఉంటాయి. సున్నం కరిగే వేడిని మార్చేస్తుంది, ఫలితం మీద నమ్మకం ఉండదు.

పది కిలోలు తెచ్చి 110 డిగ్రీల దగ్గర 12 గంటలు ఆరబెట్టండి. బాల్ మిల్లులో కొద్దికొద్దిగా తిప్పుతూ మధ్యమధ్యలో జల్లించి చూసుకోవాలి. 1 మిల్లీమీటరు జల్లెడ అంతా దాటాలి, 75 మైక్రాన్ల జల్లెడను తూకంలో సగం దాటాలి. అపోలో తెచ్చిన మట్టిలో సగటు రేణువు 70 మైక్రాన్ల చుట్టుపక్కలే. మిల్లులో వదిలేసి టీకి వెళ్తే అంతా పిండైపోతుంది, రేణువుల పదును కూడా పోతుంది. అసలు చంద్రమట్టి రేణువులు పగిలిన సీసా పెంకుల్లా ఉంటాయి. ఈ పని మొత్తం ఎన్95 మాస్క్ పెట్టుకునే చేయాలి. సన్నటి రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

ఈ పొడికి అసలు మట్టికి రెండు తేడాలు చివరిదాకా ఉంటాయి. మన రాళ్లలో ఖనిజాల్లో చిక్కుకున్న నీరు ఉంది, అక్కడ లేదు. అక్కడి రేణువుల పైపొరలో అతిసూక్ష్మ ఇనుము ఉంది, ఇక్కడ లేదు. అందుకే మైక్రోవేవ్‌తో కాల్చే పరీక్ష మన పొడితో చేసి వచ్చిన అంకెలను చంద్రుడికి అంటగట్టకండి.

కాల్చడం

రేణువులు పూర్తిగా కరగకుండా, అంచులు మెత్తబడి అతుక్కునేదాకా కాల్చడమే సింటరింగ్. ఇటుక బట్టీ తెలిసినవాళ్లకు ఊహ అందుతుంది గానీ, ఇక్కడ బంకమన్ను లేదు, నీళ్లు లేవు. నీళ్లు చల్లి ముద్ద చేసే అలవాటు మానుకోవాలి. పొడి మట్టే, పొడిగానే.

లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న అల్యూమినా మూసలో అడుగున పలుచగా అల్యూమినా పొడి చల్లండి, లేకపోతే మూస, బిళ్ల ఒకటై కూర్చుంటాయి. 130 గ్రాముల మట్టి పోసి తట్టి తట్టి 39 మిల్లీమీటర్ల ఎత్తుకు దించితే సాంద్రత 1.7 వస్తుంది. చంద్రుడి మీద అర మీటరు లోతున మట్టి అంత గట్టిగానే ఉంటుంది. ఇలాంటివి మూడు సిద్ధం చేసుకుని ఒకదాన్ని 1050, ఇంకోదాన్ని 1080, మరోదాన్ని 1110 డిగ్రీల దగ్గర విడివిడిగా కాల్చండి. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 500 దాకా, అక్కడ ఒక గంట ఆపి నీరు పోనివ్వాలి. ఆ తర్వాత నిమిషానికి 3 డిగ్రీలు, పైన రెండు గంటలు, దిగేటప్పుడు నిమిషానికి 2. సాధారణంగా మొదటిది గోటితో గీస్తే రాలుతుంది, మూడోది అంచులు జారి కూలబడుతుంది, పనికొచ్చేది మధ్యలో ఎక్కడో తేలుతుంది. పనికొచ్చే వేడి పరిధి అంత ఇరుకు. ఫర్నేస్ తెర మీద కనిపించే అంకెకు, మూస దగ్గరి వేడికి 20, 30 డిగ్రీల తేడా మామూలే కాబట్టి మూసకు ఆనించి ఇంకో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టండి.

బిళ్ల బయట ఎర్రగోధుమ రంగు, పగలగొడితే లోపల నలుపు కనిపిస్తే గాలిలోని ఆక్సిజన్ ఇనుమును తుప్పు పట్టించిందని అర్థం. చంద్రుడి మీద అది జరగదు. ఆర్గాన్ ప్రవహించే ట్యూబ్ ఫర్నేస్‌లో మళ్లీ చేయాలి. లోపల బుడగలుంటే నీరు పూర్తిగా పోలేదు, 500 దగ్గర ఆగే సమయం రెండింతలు చేయండి. సన్నటి వెంట్రుక పగుళ్లు కనిపిస్తే దింపడంలో తొందరపడ్డారు. సిత్తంపూండి తెల్ల పొడిని ఇదే 1100 దగ్గర కాల్చి అతుక్కోలేదని బెంగ పడకండి. ఆ రాయిలోని ముఖ్య ఖనిజం అనార్థైట్, శుద్ధంగా ఉంటే 1553 డిగ్రీల దాకా కరగదు. దానికి 1200 దాటే ఫర్నేస్ కావాలి.

చంద్రుడి మీద అసలు చిక్కు వేడి లోపలికి దిగకపోవడం. గాలి లేని చోట పైపొర మట్టి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు సుమారు 0.001 వాట్. థర్మోకోల్ కంటే పదుల రెట్లు మంచి అవాహకం. పెద్ద మంట మీద వేసిన వడలాగా పైన మాడుతుంది, లోపల పచ్చి పిండే. అందుకే ఇటుక మందం మొత్తం ఒకేసారి కాల్చాలని చూడకుండా, సన్నటి పొర పరచడం, కాల్చడం, దాని మీద ఇంకో పొర. 2017లో యూరప్ అంతరిక్ష సంస్థ సూర్యకాంతిని అద్దాలతో కూడగట్టి, 0.1 మిల్లీమీటరు పొరలుగా 20×10×3 సెంటీమీటర్ల ఇటుక చేసింది. సుమారు ఐదు గంటలు పట్టింది, కొన్నింటికి అంచులు పైకి లేచాయి. అంచు మధ్యభాగం కంటే ముందే చల్లారడమే దానికి కారణం.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. కిలో మట్టిని మైనస్ 20 నుంచి 1100కు తీసుకెళ్లడానికి వేడి ఏమీ పోకపోయినా 0.3 యూనిట్. 20×20×10 సెంటీమీటర్ల దిమ్మె తొమ్మిది కిలోలు తూగుతుంది, అంటే దాదాపు 3 యూనిట్లు. నిజంలో దానికి కొన్ని రెట్లు. ఎండనే నేరుగా వాడితే సగం బాధ తప్పుతుంది, అక్కడ చదరపు మీటరుకు 1361 వాట్లు మబ్బు లేకుండా పడతాయి. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం ఫ్రెనెల్ కటకంతో ఇదే చేసి చూడొచ్చు, వెల్డింగ్ అద్దాలు లేకుండా మాత్రం ఆ చుక్కను చూడొద్దు.

ఈ దిమ్మెలు మొదట వెళ్లాల్సింది గోడలకు కాదు, దిగే చోటుకు. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ల్యాండర్ దిగేటప్పుడు 108 చదరపు మీటర్ల మేర సుమారు 2.06 టన్నుల మట్టిని చెదరగొట్టింది. అపోలో 12 దిగినప్పుడు 160 మీటర్ల దూరంలో అంతకుముందే దిగి ఉన్న సర్వేయర్ 3 నౌక మీద ఇసుకపోటు పడింది. యాంటెన్నా పొలం పక్కనే సరుకుల ల్యాండర్‌ను దించారంటే మొదటి రోజే సౌర ఫలకాలు గీసుకుపోతాయి. పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడే అంచులతో పరచి, చుట్టూ మట్టికట్ట పోసి, మధ్యలో ఒక గుట్టో బిలం గట్టో అడ్డంగా ఉండేలా చూడాలి. పలకల సందులోకి ఇంజిన్ పొగ దూరితే పలకే ఎగిరిపోతుంది. బయటి వరుస పలకల అంచును అర అడుగు నేలలోకి దింపండి.

తీగ

తెల్ల నేల మట్టిలో తూకాన సుమారు 13 శాతం అల్యూమినియం, 45 శాతం దాకా ఆక్సిజన్. మట్టిని 1600 డిగ్రీల దగ్గర కరిగించి విద్యుద్విశ్లేషణ చేస్తే ఆక్సిజన్ ఒకవైపు, ఇనుము, సిలికాన్, ఆ తర్వాత అల్యూమినియం ఇంకోవైపు. అల్యూమినియం చివర్లో వస్తుంది, ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. ఎలక్ట్రోడ్‌లను ఆ ద్రవం తినేయడమే ఇక్కడి పెద్ద తలనొప్పి.

ఎంత కావాలి? 20 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు అల్యూమినియం పైపొరలో 18 మైక్రాన్ల లోతులోనే పారుతుంది. 0.1 మిల్లీమీటరు మందం, 2 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు రేకు 54 గ్రాములు. మట్టిలోని అల్యూమినియంలో సగమే చేతికొచ్చినా కిలో కంటే తక్కువ మట్టి చాలు. వెయ్యి రేకులకు ఒక టన్ను లోపే. లక్ష డైపోళ్లతో చంద్రుడి ఆవలి వైపు కట్టాలనుకునే ఫార్‌వ్యూ అనే ఊహను కాగితం మీద నిలబెట్టింది ఇలాంటి లెక్కే.

నేల మీదే పరిస్తే డైపోల్ పొడవు తగ్గించాలి. చంద్రమట్టి విద్యుత్ గుణకం (డైఎలక్ట్రిక్ స్థిరాంకం, తరంగాన్ని ఎంత కుదిస్తుందో చెప్పే అంకె) దాని సాంద్రత బట్టి ఉంటుంది: 1.919ని సాంద్రత ఘాతానికి హెచ్చిస్తే చాలు, 1.7 దగ్గర 3 వస్తుంది. పైన శూన్యం 1, కింద మట్టి 3, సగటు 2, దాని వర్గమూలం 1.41. శూన్యంలో 20 మెగాహెర్ట్జ్ అర తరంగం 7.5 మీటర్లు, నేల మీద 5.3 మీటర్లు.

దీన్ని ఇక్కడ సరిచూసుకోవడానికి వేసవిలో స్వర్ణముఖి నది ఇసుక బాగా కుదురుతుంది. ఎండిన ఇసుక గుణకం కూడా 2.5, 3 మధ్యే. అయితే 20 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టొద్దు. ఆ తరంగం మీటర్ల లోతు దిగి తడి ఇసుకను తాకుతుంది, కొలత మొత్తం తప్పుతుంది. చిన్న నమూనాతో 146 మెగాహెర్ట్జ్ దగ్గర చేయండి. చెయ్యి పెట్టి ఒక మీటరు తవ్వినా తడి తగలని చోటు చూసుకుని, 2 సెంటీమీటర్ల అల్యూమినియం టేపుతో 73 సెంటీమీటర్ల డైపోల్ పరవండి. మధ్యలో ఫెరైట్ పూసలు తొడిగిన కోయాక్సియల్ తీగ, చివర నానోవీఎన్ఏ (యాంటెన్నా అనునాదం ఏ పౌనఃపున్యం దగ్గరుందో చూపే చిన్న పరికరం). ముందు నేలకు రెండు మీటర్ల ఎత్తున కర్రల మీద పెట్టి కొలవండి, ఆ తర్వాత నేల మీద. అనునాదం ఎత్తు మీద కంటే ఇసుక మీద కిందికి జారాలి. ఆ నిష్పత్తి 1.3 నుంచి 1.4 మధ్య వస్తే ఇసుక పొడిగా ఉన్నట్టు. 1.6 దాటితే కింద తేమ ఉంది, చోటు మార్చండి. ఫెరైట్ పూసలు మరిచిపోతే కేబులే యాంటెన్నా అవుతుంది. చేత్తో పట్టుకుంటే గీత కదలడం దాని గుర్తు.

యాంటెన్నాల వరుసలు ఎలా ఉంటాయో చూడాలంటే గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ ఉంది. 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జ్, ఒక్కోదానికి నడుమ తరంగంలో 0.7 వంతు. అది పంపి వినేది, మనది వినేది మాత్రమే. అందుకే మనం అంత ఒత్తుగా చదరంగం గళ్లలా పేర్చం. నడుమ ఒత్తుగా, బయటికి పోయేకొద్దీ పలుచగా చల్లుతాం. 10 కిలోమీటర్ల వెడల్పున చల్లితే 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదు ఆర్క్ నిమిషాల (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) వివరం దొరుకుతుంది.

రేకును బిగుతుగా లాగి పరిచారా, తెగుతుంది. పగలు, రాత్రి తేడా 250 డిగ్రీలు దాటుతుంది, పది మీటర్ల అల్యూమినియం ఆ లోపు 6 సెంటీమీటర్లు పెరిగి తరుగుతుంది. లైన్‌మన్ స్తంభాల మధ్య తీగకు వాలు వదిలినట్టే, ప్రతి మీటరుకు ఒక చిన్న వంపు వదలాలి. రేకును కాల్చిన పలకకు అతికించడమూ తప్పే, రాయి అంతగా సాగదు.

పూడ్చిన పెట్టె, రాత్రి, రొద

మట్టి మంచి అవాహకం కాబట్టి ఎలక్ట్రానిక్స్‌ను మీటరు లోతున పూడ్చేస్తే సరి అనిపిస్తుంది. 80 సెంటీమీటర్ల కింద పగలు రాత్రి తేడా తెలియదు, అపోలో 15 కొలతల ప్రకారం మైనస్ 20 చుట్టూ నిలకడగా ఉంటుంది. కానీ 10 వాట్లు తినే, 30 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న పెట్టెను పూడ్చితే, లోతు మట్టి వాహకత 0.01 అనుకున్నా, చివరికి చుట్టూ ఉన్న మట్టి కంటే 265 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. నాలుగు నెలల్లోనే అందులో సగం దాటుతుంది. అందుచేత పైకి ఒక హీట్ పైపు, నీడలో ఒక రేడియేటర్, రాత్రి దాన్ని తెంచే స్విచ్ ఉండి తీరాలి.

రాత్రి 354 గంటలు. 10 వాట్లకు 3.5 యూనిట్లు, కిలోకు 200 వాట్-గంటల బ్యాటరీ అయితే 18 కిలోలు, ఒక్క పెట్టెకే. పైగా సూర్యుడి రొద లేని రాత్రే పరిశీలనకు సరైన సమయం కాబట్టి అప్పుడు కట్టేసి కూర్చోలేం. డైపోల్‌కు ఒక పెట్టె కాకుండా పదహారింటికి ఒకటి పెట్టి తీగలు లాగడం మేలు. డేటా కూడా అక్కడే కలిపి కుదించాలి. 64 డైపోళ్లు, రెండు దిశలు, సెకనుకు 8 కోట్ల నమూనాలు, 8 బిట్లు అంటే సెకనుకు 82 గిగాబిట్లు. ఏ రిలే దాన్ని మోయదు.

ఎర్తింగ్ విషయంలో ఇక్కడి అలవాటు అక్కడ చెల్లదు. ఉప్పు, బొగ్గు వేసి గుంత తవ్వే పద్ధతి తడి నేలకు. చంద్రమట్టి పొడి గాజు లాంటిది, కరెంటు పారదు. కడ్డీ దించినా అది వేలాడుతున్నట్టే. పెట్టెలన్నీ ఒకే లోహపు తీగతో కలిపి, ప్రతి డైపోల్ నుంచి దానికి ఒక పెద్ద నిరోధకం పెట్టి, పేరుకునే ఆవేశాన్ని మెల్లగా జారనివ్వాలి.

మట్టిలో పూడ్చితే పెట్టె రొద ఆగుతుందన్నది కూడా అపోహే. 20 మెగాహెర్ట్జ్ తరంగం ఆ మట్టిలో వంద మీటర్లు దాటినా పెద్దగా తగ్గదు. వోల్టేజీ మార్చే స్విచింగ్ కన్వర్టర్ల రొద సరిగ్గా మనం వినే 5 నుంచి 40 మెగాహెర్ట్జ్‌లోనే పడుతుంది. ఇంట్లో పరీక్షించడం సులువు: రిసీవర్‌ను బ్యాటరీ మీద నడిపి, ముందు ఇన్వర్టర్, ఆ తర్వాత ఎల్ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆపండి. తెర మీద సమదూరపు ముళ్లు ఎక్కడ మాయమవుతాయో దొంగ అక్కడే. పూర్తిగా మూసిన లోహపు పెట్టె, ప్రతి తీగ లోపలికొచ్చే చోట ఫిల్టరు, కన్వర్టర్లన్నిటికీ ఒకే గడియారం. గడియారం ఒకటే అయితే ముళ్లు కనీసం తెలిసిన చోటే పడతాయి, ఆ ఛానెళ్లను వదిలేయొచ్చు.

డైపోల్ మీద దుమ్ము పడ్డా పర్వాలేదు, రేడియేటర్, సౌర ఫలకాల మీద పడితేనే నష్టం. విద్యుత్ తరంగాలతో దుమ్ము విదిల్చే పలక 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ ల్యాండర్ మీద పనిచేసి చూపించింది. దాని అధిక వోల్టేజీ కూడా రొద చేసేదే కాబట్టి పరిశీలన ఆపిన వేళే ఆన్ చేయాలి. అల్యూమినియం రేకు, రాగి తీగ కలిసే అతుకుల దగ్గర నది ఇసుకలో వారానికే తెల్లటి పూత కనిపిస్తే కంగారు పడొద్దు, అది తేమ వల్ల. చంద్రుడి మీద ఆ పూత రాదు, బదులుగా వేడి చలి దెబ్బలకు బోల్టు వదులవుతుంది. కాబట్టి అతుకును స్ప్రింగ్ క్లిప్‌తో బిగించి, రాత్రంతా ఫ్రీజర్‌లో, ఉదయం 110 డిగ్రీల ఓవెన్‌లో, ఇలా ముప్పై సార్లు తిప్పి ప్రతిసారీ మిల్లీఓమ్ మీటరుతో కొలిచి రాసుకోండి. అంకె మొదటిదానికి రెండింతలైతే ఆ క్లిప్ మార్చాల్సిందే.